పెట్టె కన్నా ముందు వచ్చిన ఫోను: ఒక వీడియో గేమ్ సమీక్షపై కేస్ స్టడీ

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక్క గది ఆఫీసు నుంచి తెలుగులో వీడియో గేమ్ సమీక్షలు చేసే నలుగురి బృందం 2024 చివర్లో నన్ను సంప్రదించింది. వారి మీద ఒక ప్రేక్షకుడు చేసిన ఆరోపణ సూటిగా ఉంది: కంపెనీ పంపిన ఖరీదైన బహుమతి పుచ్చుకుని మీ సమీక్షకుడు గేమ్‌లోని పెద్ద లోపాన్ని కప్పిపుచ్చాడు, ఆయన మాట నమ్మి మేం ₹4,999 పోగొట్టుకున్నాం. పత్రికల డెస్కుల్లో చాలాకాలం పనిచేసి ఇప్పుడు చిన్న వార్తా బృందాలకు వృత్తి విలువల విషయంలో సలహాలిస్తున్న నాకు ఇలాంటి ఫిర్యాదులు కొత్త కాదు. సాధారణంగా ఇవి ఒకరి మాట మీద ఇంకొకరి మాటగా మిగిలిపోతాయి. ఇక్కడ మాత్రం స్క్రిప్టు మార్పుల చరిత్ర, కొరియర్ రసీదు, ఈమెయిళ్లు, ఫోన్ కాల్ సమయం అన్నీ దొరికాయి కాబట్టి, ఆరోపణలో ఏ భాగం నిలుస్తుందో, ఏ భాగం నిలవదో విడదీసి చెప్పడం సాధ్యమైంది. బృందం అనుమతితోనే ఈ వివరాలు రాస్తున్నాను. వ్యక్తుల పేర్లు, గేమ్ పేరు, దాన్ని ప్రచురించిన సంస్థ పేరు, ఏజెన్సీ పేరు ఇవ్వడం లేదు.

బృందం, దాని ఆర్థిక స్థితి

నలుగురిలో పూర్తికాలం పనిచేసేది సంపాదకురాలు ఒక్కరే. సమీక్షకుడు పగలు రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, రాత్రుళ్లు గేమ్ ఆడి, స్క్రిప్టు రాసి, తన గొంతుతోనే చదువుతాడు. మరో రచయిత్రి, ఒక వీడియో ఎడిటర్ అవసరాన్ని బట్టి వస్తుంటారు. ఆదాయమంతా యూట్యూబ్ ప్రకటనల మీద, అప్పుడప్పుడు దొరికే స్థానిక దుకాణాల స్పాన్సర్‌షిప్ మీద ఆధారపడి ఉంది. సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5కు అప్పట్లో వచ్చే పెద్ద గేమ్ ఒక్కొక్కటి విడుదల రోజున ఐదు వేల రూపాయల దాకా పలుకుతున్నప్పుడు, నెలకు రెండు మూడు కొనుక్కుని సమీక్షించడం వీరి తాహతుకు మించిన పని. అందువల్ల కంపెనీలు విడుదలకు ముందే ఉచితంగా ఇచ్చే రివ్యూ కోడ్, అంటే గేమ్‌ను డౌన్‌లోడ్ చేసుకునే సంకేత సంఖ్య, లేకపోతే వీరి ఛానల్ నడవదు.

కోడ్ వల్ల మిగిలేది డబ్బు మాత్రమే అనుకుంటే ఈ కేసు అర్థం కాదు. కోడ్ ముందుగా రావడం వల్ల సమీక్షకుడికి వారం పది రోజుల సమయం చిక్కుతుంది. ఎంబార్గో (ఫలానా సమయం దాకా సమీక్ష బయటపెట్టకూడదన్న షరతు) తొలగిన నిమిషంలో అందరి సమీక్షలూ ఒకేసారి వెలువడతాయి, గేమ్ కొనాలా వద్దా అని వెతికే జనం ఆ మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చూస్తారు. వారం తర్వాత వచ్చిన సమీక్ష ఎంత బాగున్నా దాన్ని వెతికేవాళ్లు ఉండరు. అంటే ఒక సమీక్షకుడికి కంపెనీ ఇవ్వగలిగిన అన్నిటికన్నా విలువైన వస్తువు ఆ వ్యవధి. దానికి రసీదు ఉండదు, పన్ను లెక్కలోకి రాదు, ఎవరి ఇంట్లోనూ కనిపించదు.

ఏం జరిగింది

గేమ్ ఒక విదేశీ సంస్థది. ప్లేస్టేషన్ 5కీ, కంప్యూటర్‌కూ ఒకేసారి విడుదలైంది. మన దేశంలో దాని ప్రచారం చూసే ఏజెన్సీ విడుదలకు పది రోజుల ముందు సమీక్షకుడికి ప్లేస్టేషన్ కోడ్ పంపింది. కోడ్ కావాలంటే నింపాల్సిన ఫారంలో ‘కొరియర్ చిరునామా’ అనే గడి ఉంది. అందులో ఆయన ఆఫీసు చిరునామాకు బదులు సీతమ్మధారలోని తన ఇంటి చిరునామా రాశాడు. కోడ్‌తో పాటు వచ్చిన పత్రంలో ఎంబార్గో గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు తొలగుతుందని, కథ చివరి భాగం దృశ్యాలు చూపకూడదని రెండు షరతులున్నాయి. ఈ రంగంలో అవి మామూలువే.

ఆదివారం రాత్రి తొలి స్క్రిప్టు పూర్తయింది. సోమవారం సాయంత్రం ఏజెన్సీ ప్రతినిధి ఫోన్ చేశారు. ఆ రాత్రే స్క్రిప్టు మారింది. మంగళవారం మధ్యాహ్నం కొరియర్‌లో పెట్టె వచ్చింది. బుధవారం గొంతు రికార్డు చేశారు. గురువారం ఎంబార్గో తొలగగానే ఐదుకు నాలుగు మార్కులతో సమీక్ష వెలువడింది. శుక్రవారం సమీక్షకుడు తన సొంత ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో ఆ పెట్టె విప్పుతున్న రీల్ పెట్టాడు. అది బహుమతి అని గానీ, ఫలానా వారు పంపారని గానీ ఆ రీల్‌లో ఎక్కడా లేదు.

పెట్టెను నేను స్వయంగా చూశాను. అయస్కాంతంతో మూసుకునే మూత ఉన్న నల్లటి అట్టపెట్టె. లోపల స్పాంజిలో కోసిన గుంటల్లో ఒక వైర్‌లెస్ హెడ్‌సెట్, గేమ్ చిహ్నం కుట్టిన జాకెట్, ప్రత్యేకంగా రంగులు వేసిన కంట్రోలర్ (గేమ్ ఆడేటప్పుడు చేత్తో పట్టుకునే పరికరం) ఉన్నాయి. కంట్రోలర్ వెనుక ఇత్తడి రంగు పలక మీద సమీక్షకుడి పేరు తెలుగు లిపిలోనే చెక్కారు. తెలుగు రానివారెవరో చూసి దిద్దినట్టున్నారు, పేరులో ఒక దీర్ఘం ఎగిరిపోయింది. అయినా అంత దూరం ఆలోచించి పంపారంటే ఏ ప్రాంతీయ ఛానల్ కుర్రాడికైనా మనసు కరుగుతుంది. అలా కరుగుతుందని పంపినవారికీ తెలుసు.

ఫిర్యాదు చేసింది గాజువాకకు చెందిన ఒక డిప్లొమా విద్యార్థి. తన బావతో చెరిసగం వేసుకుని గేమ్ కొన్నాడు. గేమ్ కథలోని రెండో నగరం చేరినప్పటి నుంచి అది పదే పదే క్రాష్ కావడంతో సమీక్షను మళ్లీ చూశాడు, తర్వాత రీల్ చూశాడు, రెండింటినీ కలిపి ఈమెయిల్ రాశాడు. అందులో ఒక వాక్యం ఇది: “అన్నా, మీ రివ్యూ చూసే కొన్నాం. సెకండ్ సిటీలో గేమ్ క్రాష్ అవుతోందని మీకు తెలియదా, తెలిసే చెప్పలేదా?”

ఆ ప్రశ్న బరువు అర్థం కావాలంటే డబ్బు వాపసు నియమాలు తెలియాలి. ప్లేస్టేషన్ స్టోర్‌లో కొన్న గేమ్‌ను డౌన్‌లోడ్ చేయడం మొదలుపెట్టాక, మామూలు పరిస్థితుల్లో డబ్బు వెనక్కి ఇవ్వరు. కంప్యూటర్ మీద ఆడే గేమ్‌ను స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొంటే 14 రోజుల్లోపు, మొత్తం రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే ఇస్తారు. ఈ గేమ్‌లో రెండో నగరం చేరడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. కొన్నవాడు ఎక్కడ కొన్నా, లోపం బయటపడే సమయానికి వాపసు గడువు దాటిపోయి ఉంటుంది. కొనుగోలుకు ముందు ఆ లోపం గురించి చెప్పగలిగినవారు, ముందుగా ఆడే అవకాశం దక్కిన కొద్దిమంది సమీక్షకులే.

ఒక వాక్యం మూడు రూపాలు

బృందం స్క్రిప్టులను గూగుల్ డాక్స్‌లో రాస్తుంది కాబట్టి ప్రతి మార్పూ సమయంతో సహా నమోదై ఉంది. మిగతా స్క్రిప్టు దాదాపు మొదట రాసినట్టే ఉంది. లోపానికి సంబంధించిన వాక్యం మాత్రం మూడు రూపాలు తీసుకుంది. (వాటిలో వచ్చే ‘ప్యాచ్’ అంటే లోపాలు సరిచేయడానికి కంపెనీ తర్వాత పంపే మార్పుల ఫైలు; ‘ఫ్రేమ్‌రేట్’ అంటే తెర మీద సెకనుకు మారే బొమ్మల సంఖ్య, అది పడిపోతే గేమ్ ఆగి ఆగి నడుస్తుంది.)

ఆదివారం రాత్రి, రెండో పేరాలో: “రెండో నగరంలో అడుగు పెట్టిన దగ్గర నుంచి గేమ్ ఆగి ఆగి నడుస్తుంది, నా దగ్గర మూడుసార్లు క్రాష్ అయింది, ఒకసారి అరగంట ఆడింది సేవ్ కాకుండా పోయింది.”

సోమవారం రాత్రి పదకొండు గంటలకు, అదే చోట: “రెండో నగరంలో ఫ్రేమ్‌రేట్ పడిపోతుంది, క్రాష్‌లు కూడా ఎదురయ్యాయి, విడుదల రోజు ప్యాచ్‌తో ఇవి పోతాయని కంపెనీ అంటోంది.”

అదే రాత్రి మరో నలభై నిమిషాల తర్వాత, స్క్రిప్టు చివరన, మార్కులకు ముందు: “అక్కడక్కడ చిన్న చిన్న టెక్నికల్ ఇబ్బందులు ఉన్నాయి, విడుదల రోజు ప్యాచ్‌తో సర్దుకుంటాయి.”

డెస్కులో పనిచేసినవారికి ఇక్కడ జరిగింది ఒక్కసారి చదివితే తెలిసిపోతుంది. మొదటి మార్పులో ‘మూడుసార్లు’ అన్న లెక్క పోయింది, ‘నా దగ్గర’ అన్న సాక్ష్యం పోయింది, సేవ్ కాకుండా పోయిన అరగంట పోయింది. అయినా ఆ రూపాన్ని నేను తప్పుపట్టలేదు. ఎందుకంటే అందులో లోపం ఎక్కడుందో ఉంది, హామీ ఎవరిదో కూడా ఉంది. రెండో మార్పులో నగరం మాయమై ‘అక్కడక్కడ’ వచ్చింది. అంతకన్నా పెద్ద విషయం, ‘కంపెనీ అంటోంది’ అన్న రెండు మాటలు రాలిపోయాయి. ఏజెన్సీ ఫోన్‌లో చెప్పిన మాటకు సమీక్షకుడు తన గొంతుతో పూచీ పడ్డాడు. మార్కులు ఈ మూడు రూపాల్లోనూ నాలుగే. సమీక్షలో పక్షపాతం వెతికేవారు సాధారణంగా మార్కుల దగ్గరే ఆగిపోతారు. ఇక్కడ వాటిని మాత్రమే చూసి ఉంటే ఏమీ జరగలేదనే తేలేది.

ఫోన్‌లో ఏం మాట్లాడారన్నది సమీక్షకుడు గుర్తున్నంత మేరకు చెప్పాడు. ప్రతినిధి ఏదీ మార్చమని అడగలేదు. గేమ్ ఎలా ఉందని అడిగారు, క్రాష్‌ల సంగతి చెబితే విడుదల రోజు ప్యాచ్ వస్తోందన్నారు. ఆ తర్వాత, వేరే విషయంగా, వచ్చే నెల రాబోయే పెద్ద గేమ్‌కు కోడ్‌ల జాబితా తయారవుతోందని, ప్రాంతీయ భాషల ఛానళ్లకు ఈసారి కోటా తగ్గిస్తున్నారని, వీరి పేరు ఉంచేందుకు తాను ప్రయత్నిస్తున్నానని చెప్పారు. బెదిరింపు ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేం; నిజంగా మేలు చేసే ఉద్దేశంతోనే చెప్పి ఉండవచ్చు కూడా. కానీ ఆ రెండు విషయాలు ఒకే కాల్‌లో పక్కపక్కన వచ్చాక వాటిని కలిపి వినకుండా ఉండడం ఎవరికైనా కష్టం.

పెట్టె పాత్ర

ఫిర్యాదుదారు వాదన ప్రకారం పెట్టె వచ్చింది కాబట్టి వాక్యం మెత్తబడింది. తేదీలు దీన్ని ఒప్పుకోవు. సోమవారం రాత్రికే మార్పులన్నీ పూర్తయ్యాయి, పెట్టె మంగళవారం వచ్చింది, ఆ తర్వాత స్క్రిప్టులో ఒక్క అక్షరం మారలేదు. చిరునామా ఫారం నింపినప్పుడే ఏదో వస్తుందని ఊహించి ఉండవచ్చు కదా అన్న సందేహం సంపాదకురాలికే వచ్చింది. సందేహం సబబే. అయితే ఆ ఫారం నింపిన తర్వాతే ఆదివారం నాటి కఠినమైన వాక్యం రాశాడు కాబట్టి, ఊహ ఉన్నా అది కలాన్ని ఆపలేదని చెప్పవచ్చు. ఆపింది ఫోను.

అంతమాత్రాన పెట్టె నిర్దోషి అని నేను తేల్చలేదు. బుధవారం రికార్డు చేస్తున్నప్పుడు ఆ వాక్యం దగ్గర ఆగి, మొదట రాసింది తిరిగి పెడదామా అని ఆలోచించానని సమీక్షకుడే చెప్పాడు. అప్పటికి పేరు చెక్కిన కంట్రోలర్ బల్ల మీద ఉంది. “అంత పంపాక మళ్లీ అలా అనడం మొహమాటంగా అనిపించింది, సార్” అన్నాడు. వాక్యాన్ని మెత్తబరిచింది ఫోను అయితే, దాన్ని తిరిగి గట్టిపడకుండా ఆపింది పెట్టె. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదన్నది మన ఇళ్లలో నేర్పే మర్యాద. సమీక్షకుడి వృత్తే వాసాలు లెక్కపెట్టడం. కాబట్టి ఆ ఇంట్లో తినడం ఆయనకు మిగతావారి కన్నా కష్టమైన పని.

ఇంకొక సంగతి కూడా నివేదికలో రాశాను, బృందానికి అది నచ్చలేదు. నెలంతా రాత్రుళ్లు కూర్చుని చేసే పనికి సమీక్షకుడికి ఛానల్ ఇచ్చే పారితోషికం కన్నా ఆ పెట్టె విలువే ఎక్కువ. పని ఇచ్చినవారి కన్నా పనిని అంచనా వేయించుకునేవారు ఎక్కువ ఇస్తున్నప్పుడు, నిబంధనలు ఎన్ని రాసినా వాటి మీద నమ్మకం పెట్టుకోలేం.

ఈ రంగం చరిత్రలో ఇదెక్కడ నిలుస్తుంది

బహుమతుల కథలు ఈ రంగంలో బాగా ప్రచారం పొందాయి. 2009లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ నరకం, పాపాల కథతో వచ్చిన దాంతేస్ ఇన్ఫెర్నో గేమ్ ప్రచారంలో భాగంగా కొందరు సమీక్షకులకు 200 డాలర్ల చెక్కులు పంపింది. మార్చుకుంటే పేరాశ, మార్చుకోకపోతే దుబారా, రెండూ పాపాలే అన్నది దానితో వచ్చిన చమత్కారం. 2014 ఏప్రిల్‌లో యూబీసాఫ్ట్ సంస్థ తన వాచ్ డాగ్స్ గేమ్ ముందస్తు ప్రదర్శనకు పారిస్ వచ్చిన పాత్రికేయులకు నెక్సస్ 7 ట్యాబ్లెట్లు పంచి, విమర్శలు రాగానే అది తమ విధానానికి అనుగుణంగా లేదని ఒప్పుకుంది. ఇలాంటివి బయటపడడం తేలిక, ఎందుకంటే వస్తువు కనిపిస్తుంది, ఫొటో తీయవచ్చు, ధర చెప్పవచ్చు. మన ప్రెస్ మీట్లలో డబ్బు కవర్ల సంగతీ అంతే. ఎవరు తీసుకున్నారో ఎవరు తీసుకోలేదో ఊరంతా చెప్పుకుంటుంది.

కనిపించని ఒత్తిడి ఇంకా బలంగా పనిచేసిన ఉదాహరణలు వేరు. 2007 నవంబరులో కేన్ అండ్ లించ్ గేమ్‌కు పదికి ఆరు మార్కులు ఇచ్చిన జెఫ్ గెర్స్ట్‌మన్‌ను, ఆ గేమ్ ప్రకటనలు భారీగా ప్రదర్శిస్తున్న సమీక్షల వెబ్‌సైట్ గేమ్‌స్పాట్ ఉద్యోగం నుంచి తొలగించింది; దాని వెనుక ప్రకటనదారుల ఒత్తిడి ఉందని 2012లో ఆయనే బహిరంగంగా వివరించారు. 2015 నవంబరులో గేమ్ వార్తల వెబ్‌సైట్ కొటాకు సంపాదకుడు స్టీఫెన్ టోటిలో, బయటికి రాని గేమ్‌ల వివరాలు ప్రచురించినందుకు గేమ్ సంస్థలు బెథెస్డా, యూబీసాఫ్ట్ తమతో మాట్లాడడం, కోడ్‌లు పంపడం మానేశాయని పాఠకులకు చెప్పారు. 2016 అక్టోబరులో బెథెస్డా ఇకపై సమీక్ష కాపీలు విడుదలకు ఒక్క రోజు ముందే ఇస్తామని ప్రకటించింది. అన్నిటికన్నా ఈ కేసుకు దగ్గరగా ఉన్నది 2020 డిసెంబరు 10న విడుదలైన సైబర్‌పంక్ 2077 గేమ్. విడుదలకు ముందు సమీక్షకులకు కంప్యూటర్ కోడ్‌లు మాత్రమే ఇచ్చారు, సొంతంగా రికార్డు చేసిన దృశ్యాలు చూపకూడదన్నారు. మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ కన్సోళ్ల మీద ఆడేందుకు కొన్నవారికి గేమ్ సరిగా నడవలేదు; డిసెంబరు 18న సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. అక్కడ ఆ మార్కులు సంపాదించిపెట్టడానికి ఎవరికీ ట్యాబ్లెట్ ఇవ్వనవసరం లేకపోయింది. ఎవరు, ఎప్పుడు, దేని మీద ఆడాలో నిర్ణయించే హక్కు సరిపోయింది.

చట్టం ఎంతవరకు వస్తుంది

ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆర్థిక పాత్రికేయులకు ఇచ్చిన మార్గదర్శకాల్లో బహుమతులు, అప్పులు, ప్రయాణాలు, రాయితీలు, ప్రాధాన్య షేర్లు తీసుకోకూడదని స్పష్టంగా ఉంది. కానీ కౌన్సిల్ పరిధి పత్రికలు, వార్తా సంస్థల వరకే. యూట్యూబ్ ఛానల్ దాని కిందికి రాదు. వీరికి వర్తించేది వినియోగదారుల రక్షణ వైపు నుంచి వస్తుంది. ప్రకటనల రంగం స్వీయ నియంత్రణ సంస్థ అయిన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021 జూన్ 14 నుంచి అమల్లోకి తెచ్చిన నియమాల ప్రకారం, ఉచిత వస్తువు అందితే అభిప్రాయం నిష్పాక్షికమైనదే అయినా ఆ సంగతి వెల్లడించాలి, అదీ ప్రేక్షకుడికి అర్థమయ్యే భాషలో. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన వివరణ ఇంకా ముందుకు వెళ్తాయి: వీడియోలో అయితే వెల్లడి తెర మీదా, మాటలోనూ ఉండాలి, హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపేయకూడదు. ఉల్లంఘిస్తే మొదటిసారి ₹10 లక్షల వరకు, మళ్లీ జరిగితే ₹50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. రీల్ విషయంలో ఉల్లంఘన స్పష్టం. సమీక్ష వీడియోకు ఇవి ఎంతవరకు వర్తిస్తాయన్నది వాదించదగిన ప్రశ్నే అయినా, వాదించే స్థితిలో ఉండడం కన్నా కోడ్ ఉచితంగా అందిందని ప్రతి సమీక్ష మొదట్లోనే చెప్పడం మేలని సలహా ఇచ్చాను.

పన్ను సంగతి అనుకోకుండా బయటపడింది. సమీక్ష వెలువడిన తర్వాతి వారం ఏజెన్సీ నుంచి సమీక్షకుడి పాన్ నంబరు అడుగుతూ ఒక ఈమెయిల్ వచ్చింది. అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 2022 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన 194ఆర్ సెక్షన్ ప్రకారం, వృత్తిలో భాగంగా ఒకరికి ఏడాదిలో ₹20,000 మించిన ప్రయోజనం వస్తు రూపంలో ఇచ్చినా, ఇచ్చేవారు దాని మీద 10 శాతం పన్ను ప్రభుత్వానికి చేరేలా చూసుకోవాలి. వస్తువును వాడి తిరిగి ఇచ్చేస్తే అది ప్రయోజనం కాదని, ఉంచుకుంటేనే అవుతుందని ప్రత్యక్ష పన్నుల బోర్డు అదే ఏడాది జూన్‌లో ఇచ్చిన సర్క్యులర్ చెబుతోంది. సమీక్షకుడు దాన్ని ‘పనిముట్లు’ అని సమర్థించుకుంటూ వచ్చాడు. పంపినవారి లెక్కల విభాగం మాత్రం దాన్ని ప్రతిఫలంగానే చూసిందని ఆ ఈమెయిల్ తేల్చేసింది. విలువల మీద జరిగే చర్చలో చాలాసార్లు అకౌంటెంట్ల మాటే సూటిగా ఉంటుంది.

తీసుకున్న నిర్ణయాలు

మొదట సమీక్ష సంగతి. మార్కులను మూడుకు తగ్గించి క్షమాపణ చెబుదామని సంపాదకురాలు అన్నారు. నేను వద్దన్నాను. ఒత్తిడితో మారిన వాక్యాన్ని ఇంకొక ఒత్తిడితో మారిన మార్కులతో సరిచేయలేం. వీడియోను తీసేయకుండా, ఆదివారం నాటి వాక్యాన్ని యథాతథంగా తెర మీద, వివరణలో, పిన్ చేసిన కామెంటులో పెట్టించాం; అది ఎందుకు మారిందో నాలుగు వాక్యాల్లో చెప్పించాం. ఆ తర్వాత బృందంలోని రచయిత్రి సొంతంగా కొన్న కాపీతో, విడుదల రోజు ప్యాచ్ వేసుకుని, రెండో నగరం వరకూ ఆడింది. క్రాష్‌లు చాలావరకు తగ్గాయి, ఆగి ఆగి నడవడం తగ్గలేదు. అంటే ఏజెన్సీ హామీ సగం నిజమైంది. ప్యాచ్ వస్తోందన్నది కూడా వార్తే కదా అన్న సమీక్షకుడి వాదనకు ఇక్కడ బలం ఉందని నివేదికలో నమోదు చేశాను. వార్తే, కాకపోతే అది కంపెనీ పేరు మీద చెప్పాల్సిన వార్త.

వస్తువుల విషయం అనుకున్నంత తేలిగ్గా తెమల్లేదు. హెడ్‌సెట్, జాకెట్ ఛానల్ ఖర్చుతో కొరియర్‌లో వెనక్కి పంపారు. కంట్రోలర్ మీద పేరు చెక్కి ఉంది కాబట్టి తీసుకోలేమని, ఉంచేసుకోమని ఏజెన్సీ జవాబిచ్చింది. పేరు చెక్కించడం ఆప్యాయత కోసమే కావచ్చు, దాని ఫలితం మాత్రం వస్తువును వెనక్కి ఇవ్వలేకపోవడం, అమ్మలేకపోవడం. లక్కీ డ్రా పెట్టి సబ్‌స్క్రైబర్లలో ఒకరికి ఇద్దామని వీడియో ఎడిటర్ సూచించాడు. అన్ని మార్గాల్లోకీ అదే అధ్వానం. కంపెనీకి ఉచిత ప్రచారం, ఛానల్‌కు కొత్త సబ్‌స్క్రైబర్లు, ప్రేక్షకుడి చేతిలో అదే బహుమతి. అనాథాశ్రమానికి ఇవ్వడం కూడా, దాన్ని వీడియోగా తీసేటట్టయితే, దీనికి పెద్ద తేడా కాదు. చివరకు కంట్రోలర్‌ను ఆఫీసు ఆస్తిగా రిజిస్టరులో రాసి, ద్వారకానగర్‌లోని వారి చార్టర్డ్ అకౌంటెంట్ చెప్పినట్టు లెక్కల్లో చూపారు. రీల్‌ను తొలగించలేదు, ఎవరు పంపారో, ఏం జరిగిందో చెప్పే మాటలు దాని మీద చేర్చారు.

ఫోన్ల విషయంలో నియమం కఠినంగా పెట్టాం, ఎందుకంటే అసలు దెబ్బ తగిలింది అక్కడే. కోడ్ అందినప్పటి నుంచి సమీక్ష వెలువడే దాకా సమీక్షకుడు ఏజెన్సీతో మాట్లాడకూడదు. గేమ్‌లో లోపం గురించి అడగాల్సింది ఉంటే సంపాదకురాలు ఈమెయిల్‌లో అడగాలి, జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోవాలి, తర్వాతి కోడ్‌ల ప్రస్తావన వస్తే ఆ ఈమెయిల్‌ను దాచి ఉంచాలి. కోడ్ అభ్యర్థనలన్నీ ఇక ఛానల్ పేరు మీద, ఆఫీసు చిరునామాతో వెళ్తాయి. ప్రతినిధులతో స్నేహం చెడుతుందని సమీక్షకుడు బాధపడ్డాడు. నిజంగానే చెడుతుంది, దానికి నా దగ్గర మందు లేదు.

వెల్లడి కోసం మన పత్రికల పాత పద్ధతినే తీసుకున్నాం. పుస్తక సమీక్షకు రెండు ప్రతులు పంపించుకుని, సమీక్షించినా సమీక్షించకపోయినా అందిన పుస్తకాలన్నిటినీ ‘స్వీకారం’ కింద అచ్చువేయడం తెలుగు పత్రికలకు అలవాటు. అలాగే ఛానల్ ప్రతి నెలా ‘అందినవి’ అన్న పేరుతో ఏ కంపెనీ ఏ కోడ్ ఇచ్చిందో, ఏ వస్తువు పంపిందో, దేన్ని వెనక్కి పంపారో, దేన్ని సమీక్షించలేదో జాబితా పెడుతుంది. సమీక్షించని కోడ్‌లు కూడా కనిపించడం ముఖ్యం. వచ్చిన పదింటిలో బాగున్న నాలుగింటినే సమీక్షించి, మిగతా ఆరింటి గురించి మౌనం వహించడం ఈ రంగంలో చాలామంది ఎవరినీ నొప్పించకుండా నడుపుకునే దారి.

డబ్బు విషయంలో నా సిఫారసు పూర్తిగా అమలు కాలేదు. ఏడాదికి నాలుగు పెద్ద గేమ్‌లైనా సొంతంగా కొనడానికి ప్రకటనల ఆదాయం నుంచి పక్కన పెట్టమన్నాను, రెండింటికి ఒప్పుకున్నారు. సమీక్షకుడి పారితోషికం కొంత పెంచారు. చాలదని ఆయన అంటాడు, నేనూ అంటాను.

తర్వాత

ప్రతినిధి ఫోన్‌లో చెప్పిన ఆ తర్వాతి నెల పెద్ద గేమ్ కోడ్‌ల జాబితాలో వీరి పేరు లేదు. కారణం అడిగితే కోటా నిండిందన్న జవాబు వచ్చింది. అది నిజం కూడా కావచ్చు. విడుదల రోజున గేమ్ కొని, ఆరు రోజుల తర్వాత సమీక్ష పెట్టారు. వ్యూస్ మామూలుగా వచ్చేవాటి కన్నా బాగా తగ్గాయి, ఆ నెల ఆదాయం తగ్గింది. అయితే ఆ సమీక్ష కింద కామెంట్లలో, ఎవరి గేమ్ ఎక్కడ క్రాష్ అవుతోందో, ఏ కన్సోల్ మీద ఎలా నడుస్తోందో ప్రేక్షకులే రాయడం మొదలుపెట్టారు. ఎంబార్గో రోజున వచ్చే సమీక్షల కింద ఇలాంటి సమాచారం ఉండదు, అప్పటికి ఎవరూ ఆడి ఉండరు కాబట్టి. దీన్ని చూశాక, కోడ్‌తో వచ్చే సమీక్షల్లో కూడా మార్కులను వెంటనే ఇవ్వకుండా, విడుదలైన వారం తర్వాత ప్యాచ్‌తో మళ్లీ ఆడి ఇవ్వాలని సంపాదకురాలు నిర్ణయించారు. ఆ ఆలోచన నాది కాదు, నా సిఫారసులన్నిటికన్నా అది ఎక్కువ పనిచేస్తోంది.

వేరొక ఏజెన్సీ నుంచి ఇప్పుడు మళ్లీ కోడ్‌లు వస్తున్నాయి. గాజువాక విద్యార్థికి విచారణ ఫలితం పూర్తిగా పంపాం. పెట్టె కారణం కాదన్న మాట ఆయన ఇంకా నమ్మడం లేదు, స్క్రిప్టు మార్పుల తేదీలు చూపించినా సరే. నష్టపోయింది ఆయన కాబట్టి అంతకన్నా ఒప్పించే ప్రయత్నం చేయలేదు.

వీడియోల వివరణలో ఉండే కొనుగోలు లింకుల సంగతి ఈ విచారణ పరిధిలోకి రాలేదు. ప్రేక్షకుడు ఆ లింకు నొక్కి గేమ్ గానీ, కంట్రోలర్ గానీ కొంటే ఛానల్‌కు కొంత కమిషన్ వస్తుంది. అంటే ‘కొనండి’ అన్న ప్రతి సమీక్షకూ ఆదాయం ఉంది, ‘కొనకండి’ అన్నదానికి లేదు. దాని లెక్కలు తెప్పించుకుని వేరే నివేదిక రాయమని సంపాదకురాలు అడిగారు, ఆ పని మొదలైంది.